‘ఎలా ఉంది?’ అని అడగొద్దు: ఇంట్లో చేసిన ట్రాక్‌ని నలుగురికీ వినిపించే పద్ధతి

ఇంట్లో లాప్‌టాప్ మీద చేసిన ఎలక్ట్రానిక్ ట్రాక్‌ని స్నేహితులకి పంపి "ఎలా ఉంది?" అని అడిగితే విజయవాడలో అయినా గుంటూరులో అయినా వచ్చే జవాబు ఒకటే: "సూపర్ ఉందన్నా". ఆ మాటలో అబద్ధం ఏమీ లేదు, అభిమానం ఉంది. కాకపోతే దాన్ని పట్టుకుని మిక్స్‌లో (అన్ని వాద్యాల్నీ కలిపిన రూపంలో) ఒక్క ఫేడర్ (సౌండ్ స్థాయి మార్చే మీట) కూడా కదపలేం. నిజానికి వినేవాళ్ళ దగ్గర మనకి పనికొచ్చే సమాచారం చాలా ఉంటుంది. ఎక్కడ ధ్యాస పక్కకి పోయింది, ఎక్కడ కాలు ఆడింది, ఎక్కడ సౌండ్ తగ్గించాలనిపించింది అనేవి వాళ్ళకే తెలుస్తాయి. ట్రాక్ చేసినవాళ్ళకి అవి తెలిసే అవకాశమే లేదు. ఎనిమిది బార్ల (ఒక్కో బార్ అంటే నాలుగు బీట్ల ఆవర్తం) లూప్‌ని రాత్రంతా తిప్పితిప్పి విన్న చెవికి తర్వాత ఏం వస్తుందో ముందే తెలుసు కదా. ఆ సమాచారం రాబట్టాలంటే ఫైల్ తయారీ దగ్గర్నుంచి అడిగే ప్రశ్న దాకా ఒక పద్ధతి కావాలి.

పంపే ముందు ఫైల్ సంగతి

అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది లౌడ్‌నెస్, అంటే ట్రాక్ చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందన్నది. ఒకే మిక్స్‌ని 1 డీబీ పెంచి రెండోసారి వినిపిస్తే చాలామంది రెండోదే బాగుందంటారు. ఎందుకని అడిగితే "క్లియర్‌గా ఉంది", "ఫుల్‌గా ఉంది" అంటారే గానీ గట్టిగా ఉందని అనరు. పాత మిక్స్, కొత్త మిక్స్ పక్కపక్కన వినిపించేటప్పుడు ఈ తేడా సరిచేయకపోతే వచ్చిన అభిప్రాయాలన్నీ వృథా. యూలీన్ లౌడ్‌నెస్ మీటర్ ఉచితంగా దొరుకుతుంది. దాన్ని మాస్టర్ ఛానెల్ చివర పెట్టి ట్రాక్‌ని మొదట్నుంచి చివరిదాకా ఆడించి ‘ఇంటిగ్రేటెడ్’ (ట్రాక్ మొత్తానికి సగటు) అంకె చూడండి. ఒకటి −14.2 ఎల్‌యూఎఫ్ఎస్ (లౌడ్‌నెస్ కొలమానం), ఇంకోటి −11.0 వచ్చిందనుకోండి, రెండోదాన్ని 3.2 డీబీ తగ్గించి ఎక్స్‌పోర్ట్ చేయాలి. మెత్తగా ఉన్నదాన్ని, శిఖరాల్ని నొక్కే లిమిటర్‌తో పైకి లాగితే దాని రూపమే మారిపోతుంది, అందుకని ఎప్పుడూ గట్టిదాన్నే కిందికి దించాలి. యూట్యూబ్, స్పాటిఫై ఎలాగూ −14 దగ్గరికి సర్దేస్తాయి కాబట్టి అభిప్రాయాల కోసం పంపే ఫైల్ ఆ చుట్టుపక్కల ఉంటే చాలు. ట్రూ పీక్ (సిగ్నల్ నిజంగా చేరే గరిష్ఠ శిఖరం) −1 డీబీ దాటనివ్వకండి. ఎంపీ3గా మారేటప్పుడు శిఖరాలు కాస్త పైకి లేస్తాయి, అప్పుడు కిక్ (బేస్ డ్రమ్ దెబ్బ) మీద చిరుగు వినిపిస్తుంది. ఆ చిరుగుని వినేవాళ్ళు "స్పీకర్ పోయిందేమో" అనుకుంటారు, మీకు చెప్పరు.

24 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైల్ నిమిషానికి దాదాపు 16 ఎంబీ. 320 కేబీపీఎస్ ఎంపీ3 అయితే నిమిషానికి 2.4 ఎంబీ. నాలుగు నిమిషాల ట్రాక్‌కి 64 ఎక్కడ, 10 లోపు ఎక్కడ! మామూలు శ్రోతలకి ఎంపీ3 చాలు. డీజేకి, సౌండ్ సిస్టమ్ మీద వేసేవాళ్ళకి మాత్రం వేవ్ ఇవ్వండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ‘డాక్యుమెంట్’గా పంపితే ఫైల్ ఉన్నదున్నట్టు వెళ్తుంది. ఫోన్‌ని స్పీకర్ దగ్గర పెట్టి రికార్డు చేసిన వాయిస్ నోట్ మాత్రం ఎవరికీ పంపొద్దు. అది మాట కోసం తయారైన పద్ధతి. హై హ్యాట్లు (సన్నటి తాళాల చప్పుడు) ఇసక జారినట్టు వినిపిస్తాయి, స్టీరియో అంతా పోతుంది.

ఫైల్ పేరు కూడా అభిప్రాయాన్ని మారుస్తుంది. ‘కొత్త_మిక్స్_ఫైనల్’ అని ఉంటే వినకముందే అది మెరుగైందని తీర్మానం అయిపోయినట్టే. ఏ, బీ అన్నా మొదటి స్థానం, రెండో స్థానం అన్న భావం వస్తుంది. ‘మామిడి’, ‘జామ’ అని పెట్టండి. ఫైల్ లోపలి టైటిల్ ట్యాగ్ కూడా అదే ఉండేలా చూసుకోండి, ప్లేయర్‌లో కనిపించేది అదే.

ఇంకో చిన్న విషయం. ట్రాక్ మొదట్లో ఒక సెకను నిశ్శబ్దం వదలండి. చాలా బ్లూటూత్ స్పీకర్లు నిద్ర లేచేలోపు మొదటి ముక్కని మింగేస్తాయి. మొదటి కిక్కే పోతే ఇంట్రో తడబడినట్టు ఉంటుంది. చివర్లో రివర్బ్ (గది ప్రతిధ్వని) తోక పూర్తిగా ఆరేదాకా మూడు నాలుగు సెకన్లు ఎక్స్‌పోర్ట్‌లో ఉంచండి.

ఎవరికి, ఎంతమందికి

ప్రతి మనిషీ ఒక ట్రాక్‌ని మొదటిసారి వినేది ఒక్కసారే. రెండోసారికి ఆ చెవి కూడా మన చెవిలాగే అలవాటు పడిపోతుంది. అందుకని ఉన్న పదిమందికీ మొదటి డ్రాఫ్ట్ పంపేయడం పెద్ద నష్టం. ముగ్గురికి ఇప్పుడు పంపి, మిగతావాళ్ళని తర్వాతి వెర్షన్ల కోసం దాచుకోవాలి. ఈ ఒక్క విషయం పాటించినా సగం పని అయినట్టే అని నా గట్టి అభిప్రాయం.

శ్రోతల్లో రకాలు కలిసేలా చూడండి. సంగీతంతో సంబంధం లేనివాళ్ళు కనీసం సగం ఉండాలి. ట్రాక్ ఎక్కడ సాగదీతగా ఉందో చెప్పడంలో వాళ్ళని మించినవాళ్ళు లేరు. డాన్స్ నేర్చుకునే తమ్ముడో చెల్లెలో ఒకరుంటే బీట్ ఎక్కడ జారిందో ఒంటితో చెప్తారు. విజయవాడ ఘంటసాల ప్రభుత్వ సంగీత కళాశాలలో వయొలిన్, మృదంగం నేర్చుకునే పిల్లలెవరైనా తెలిసుంటే వాళ్ళ చెవి వేరే స్థాయి. శృతిలో తేడా ఒక్క నిమిషంలో పట్టేస్తారు. వయసు కూడా లెక్కలోకి తీసుకోవాలి. వయసుతో పాటు పై ఫ్రీక్వెన్సీలు వినపడటం తగ్గుతుంది, కాబట్టి 12 కిలోహెర్ట్జ్ దగ్గర హై హ్యాట్ కోస్తోందో లేదో తెలియాలంటే ఇంటర్ చదివే పిల్లల్ని అడగాలి. 1948లో మొదలైన ఆకాశవాణి విజయవాడ కేంద్రాన్ని మీడియం వేవ్‌లో వింటూ పెరిగిన పెద్దవాళ్ళు ఉంటారు. ఆ రేడియోలో 5 కిలోహెర్ట్జ్ పైన దాదాపు ఏమీ రాదు, వచ్చేదంతా గొంతు, రాగం. అందుకే బాబాయిలు, పెద్దమ్మలు మన ట్రాక్‌లో ముందు వెతికేది మెలోడీని. అది వాళ్ళకి దొరకలేదంటే లీడ్ (ముఖ్యమైన ట్యూన్ వాయించే సింథ్) లెవెల్‌ని తప్పకుండా ఒకసారి చూసుకోవాలి.

గ్రూపులో మాత్రం పెట్టొద్దు. మన దగ్గర గ్రూపులో ముందుగా ఒక అన్న "బేస్ తక్కువైంది" అంటే తర్వాత వచ్చే ఐదుగురూ "అవును బ్రో బేస్" అంటారు. అవి ఆరు అభిప్రాయాలు అనుకుంటే మోసపోతాం, అక్కడున్నది ఒక్కటే. విడివిడిగా పంపి, విడివిడిగా అడగాలి.

ఏం అడగాలి

అభిప్రాయం అడగొద్దు, జరిగింది అడగండి. పంపే మెసేజ్ ఇలా ఉండొచ్చు: "అన్నా, ఇది నాలుగు నిమిషాల ట్రాక్. ఒకసారి మొదట్నుంచి విను. ఎక్కడైనా వేరే యాప్‌కి వెళ్ళాలనిపిస్తే, సౌండ్ పెంచాలనో తగ్గించాలనో అనిపిస్తే ఆ టైమ్ ఒక్కటి రాసి పంపు. దేంట్లో విన్నావో కూడా చెప్పు." అంతే. ఇది ఏ స్టైలు, ఇంకా మాస్టరింగ్ కాలేదు, డ్రాప్ (బీట్ ఒక్కసారిగా విరుచుకుపడే చోటు) రెండో నిమిషంలో ఉంది లాంటి ముందుమాటలు ఒక్కటి కూడా వద్దు. డ్రాప్ వస్తుందని చెప్తే దానికోసం ఎదురుచూస్తూ ఇంట్రోని భరిస్తారు. పాట ఊరూపేరూ లేకుండా బయటికి వెళ్ళినప్పుడు అలా ఎవరూ భరించరు.

వినడం అయ్యాక మరో రెండు ప్రశ్నలు. "మళ్ళీ వెనక్కి జరిపి విన్న చోటు ఏదైనా ఉందా?" అనేది ఒకటి, అది మీ ట్రాక్‌లో బలమైన చోటు. రెండోది మర్నాడు అడగాలి: "నిన్నటి ట్రాక్‌లో గుర్తున్న ముక్క ఏదైనా ఉంటే హమ్ చేసి వాయిస్ నోట్ పంపక్కా." వాళ్ళు హమ్ చేసేది మీరు హుక్ (మనసులో నిలిచే ముక్క) అనుకున్నదేనా, బేస్ లైనా, మరేదైనా చిన్న ముక్కా అన్నది చాలా విషయాలు తేలుస్తుంది. ముగ్గురు మీ లీడ్‌ని వదిలేసి బేస్ లైన్ హమ్ చేస్తే ఆ ట్రాక్‌కి హుక్ బేస్ లైనే. లీడ్‌ని తగ్గించి దాన్ని ముందుకు తేవడం మంచిది.

ఎదురుగా కూర్చోబెట్టి వినిపించేటప్పుడు వాళ్ళ ముఖం చూస్తూ కూర్చోవద్దు, మొహమాటానికి తల ఊపుతారు. పక్కకో వెనక్కో కూర్చుని పాదాన్ని, వేళ్ళని గమనించండి. కదులుతున్న పాదం ఎక్కడ ఆగిందో టైమ్ రాసుకోండి. నోటి మాట కన్నా అది నిజం చెప్తుంది.

ఇప్పుడు ఆ టైమ్‌లతో ఏం చేయాలి? సెకన్లని బార్లలోకి మార్చుకోవాలి. నాలుగు లెక్క బీట్‌లో, సెకన్లని బీపీఎంతో (నిమిషానికి ఎన్ని బీట్లో ఆ అంకె) గుణించి 240తో భాగిస్తే అప్పటికి ఎన్ని బార్లు అయ్యాయో వస్తుంది. 128 బీపీఎం ట్రాక్‌లో ఒకరు 1:22 దగ్గర బోర్ కొట్టిందన్నారనుకోండి. 82ని 128తో గుణించి 240తో భాగిస్తే 43.7, అంటే 44వ బార్ నడుస్తోంది. అసలు కారణం అక్కడ ఉండదు. విసుగు పుట్టడానికీ, దాన్ని గుర్తించి టైమ్ చూడటానికీ మధ్య కొన్ని సెకన్లు పోతాయి. వెనక్కి వెళ్తే 41వ బార్‌లో, అంటే సరిగ్గా 1:15కి కొత్త సెక్షన్ మొదలవుతుంది. ఆ సెక్షన్ ముందుదానికన్నా తేడాగా లేదన్నమాట. 44వ బార్‌లో ఒక రైజర్ (పైపైకి ఎక్కే శబ్దం) పెట్టేసి ఊరుకుంటే ఏమీ మారదు. 41లోనే ఏదో ఒకటి తీసేయాలి, లేదా చేర్చాలి. ఇదే లెక్కలో 128 బీపీఎంకి 8 బార్లు 15 సెకన్లు, 32 బార్లు పూర్తి నిమిషం. క్లబ్ డీజేల కోసం వాడే 32 బార్ల ఇంట్రో ఫోన్‌లో వినేవాళ్ళకి నిమిషం పాటు ఖాళీ. స్పాటిఫైలో ఒక స్ట్రీమ్ లెక్కలోకి రావాలంటే 30 సెకన్లు వినాలి, అంటే 16 బార్లు. అందుకని రెండు ఎడిట్‌లు చేయడమే మేలు, డీజేకి పొడుగుది, మామూలు శ్రోతకి 8 బార్ల ఇంట్రో ఉన్నది.

మాటల వెనక ఉన్న లోపాలు

శ్రోత చెప్పే చోటు దాదాపు ఎప్పుడూ సరైనదే. చెప్పే పరిష్కారం మాత్రం చాలాసార్లు తప్పుతుంది, ఎందుకంటే వాళ్ళకి తెలిసిన పదాలు మూడే: బేస్, ట్రెబుల్, సౌండ్. ఆ మాటల్ని మన భాషలోకి దించుకోవడమే అసలు పని.

"బేస్ పెంచు" అన్నదే అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేది. వెంటనే అడగాల్సింది దేంట్లో విన్నావని. ఫోన్ స్పీకర్ 300 హెర్ట్జ్ కిందికి వెళ్ళేకొద్దీ వేగంగా చేతులెత్తేస్తుంది, 50 హెర్ట్జ్ దగ్గరున్న కిక్, సబ్ బేస్ (అట్టడుగు బేస్) అందులో అసలు రావు. మీరు సబ్‌ని 6 డీబీ పెంచినా ఫోన్‌లో తేడా ఉండదు, పైగా లిమిటర్ ఆ బరువుకి మొత్తం మిక్స్‌ని నొక్కేస్తుంది. చేయాల్సింది సబ్ బేస్‌కి శాచురేషన్ (తేలికపాటి డిస్టార్షన్) ఇవ్వడం. 50 హెర్ట్జ్ స్వరానికి 100, 150, 200, 250... దగ్గర హార్మోనిక్స్ (అసలు స్వరానికి రెట్లలో ఉండే పై స్వరాలు) పుడతాయి. ఆ పై హార్మోనిక్స్ వినపడితే అసలు స్వరం లేకపోయినా మెదడు దాన్ని ఊహించుకుంటుంది. బేస్‌ని రెండు పొరలుగా చేసి, కిందిదాన్ని శుభ్రంగా ఉంచి, పైదానికి మాత్రమే డిస్టార్షన్ ఇచ్చి, ఆ తర్వాత దాన్ని 150 హెర్ట్జ్ దగ్గర హై పాస్ చేస్తే (అంతకన్నా కిందిది కోసేస్తే) అదుపులో ఉంటుంది. అదే మాట కారులోనో పెద్ద సబ్ ఉన్న హోమ్ థియేటర్‌లోనో విన్నవాళ్ళు అంటే అప్పుడు నిజంగానే తక్కువైనట్టు. వాళ్ళు ఎంత సౌండ్‌లో విన్నారో కూడా కనుక్కోండి. చిన్న సౌండ్‌లో మనిషి చెవికి బేస్ తక్కువగా వినపడుతుందని శాస్త్రవేత్తలు ఫ్లెచర్, మన్‌సన్ 1933లోనే కొలిచి చూపించారు. రాత్రిపూట ఇంట్లో అందరూ పడుకున్నాక సన్నగా పెట్టుకుని విన్నవాళ్ళ మాటని బట్టి సబ్ పెంచకూడదు.

"బ్లూటూత్ స్పీకర్‌లో బేస్ మాయమైంది" అంటే అది వేరే జబ్బు. చిన్న బ్లూటూత్ స్పీకర్లు చాలావరకు మోనో (ఎడమా కుడీ కలిపి ఒకటే సౌండ్). బేస్ మీద స్టీరియో వైడనర్ వేసి ఉంటే ఎడమా కుడీ కలిసినప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మాస్టర్‌ని మోనో చేసి వింటే మీకే తెలిసిపోతుంది. 120 హెర్ట్జ్ కింద అంతా మోనోగా ఉంచండి. వెడల్పు కోసం ఒక పక్కని 15, 20 మిల్లీసెకన్లు ఆలస్యం చేసే చిట్కా కూడా మోనోలో గొట్టంలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది.

"ఊపు లేదు" అన్నది ఎంత చిన్న మాటో అంత పెద్ద సమస్య. కిక్‌ని పెంచే ముందు బేస్‌ని మ్యూట్ చేసి వినండి. ఊపు వచ్చేసిందా? అయితే రెండూ ఒకే చోట కొట్టుకుంటున్నాయి. సైడ్‌చెయిన్‌తో కిక్ పడినప్పుడు బేస్‌ని 3 నుంచి 6 డీబీ తగ్గించండి. 128 బీపీఎంలో కిక్‌కీ కిక్‌కీ మధ్య 469 మిల్లీసెకన్లు ఉంటాయి కాబట్టి రిలీజ్ (బేస్ తిరిగి లేచే సమయం) 150, 200 మిల్లీసెకన్ల దగ్గర పెడితే తర్వాతి కిక్ లోపు బేస్ పూర్తిగా తిరిగొస్తుంది. మ్యూట్ చేసినా ఊపు రాకపోతే వెలాసిటీలు (ఒక్కో దెబ్బ బలం) చూడాలి. హై హ్యాట్లన్నీ 100 దగ్గర వరసగా ఉంటే ఏ దరువూ కదలదు. డప్పు శాంపిల్స్ వాడేవాళ్ళకి ఇంకో ప్రమాదం ఉంది. ఆరు లెక్కలో, తిశ్ర నడకలో (బీట్‌కి మూడు దెబ్బలు) వాయించిన డప్పుని నాలుగు లెక్క కిక్ మీద పెట్టి 16వ వంతు గ్రిడ్‌కి క్వాంటైజ్ చేస్తే (దెబ్బల్ని గ్రిడ్ గీతలకి అతికిస్తే), 128 బీపీఎంలో ప్రతి బీట్‌లోని రెండో మూడో దెబ్బలు 39 మిల్లీసెకన్ల చొప్పున పక్కకి జరుగుతాయి. డప్పుకి ప్రాణం ఆ దెబ్బలే. వాటికి ట్రిప్లెట్ గ్రిడ్ పెట్టాలి, లేదా అసలు క్వాంటైజ్ చేయకుండా మొదటి దెబ్బని మాత్రం కిక్‌కి కలిపి వదిలేయాలి. రెండో పద్ధతే నాకు నచ్చుతుంది.

"గోలగా ఉంది" అన్నప్పుడు చేయి ఈక్యూ (ఫ్రీక్వెన్సీలని పెంచీ తగ్గించే సాధనం) వైపు పోతుంది. అక్కడ ఆపాలి. ఆ టైమ్ దగ్గర ఎన్ని వాద్యాలు 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య పోటీ పడుతున్నాయో లెక్కపెట్టండి. లీడ్, వోకల్ చాప్ (కత్తిరించిన గొంతు ముక్క), క్లాప్, డప్పు, ఓపెన్ హ్యాట్ అన్నీ ఒకేసారి ఉంటే ఏ ఈక్యూ కాపాడదు, ఒకదాన్ని ఆ ఎనిమిది బార్ల నుంచి తీసేయాల్సిందే. "చెవిలో గుచ్చుతోంది" మాత్రం ఈక్యూ పనే. మనిషి చెవి 3 కిలోహెర్ట్జ్ చుట్టూ అతి సున్నితం, సా వేవ్ లీడ్‌లు అక్కడే పొడుస్తాయి. 2, 3 డీబీ తగ్గిస్తే చాలు, అంతకు మించి తీస్తే లీడ్ వెనక్కి పోతుంది. "డబ్బాలో వాయించినట్టుంది" అంటే 300, 600 హెర్ట్జ్ మధ్య పోగు పడింది, ముఖ్యంగా ప్యాడ్స్ (సాగే నేపథ్య స్వరాలు), రివర్బ్ వల్ల. రివర్బ్ రిటర్న్‌కి 300 దగ్గర హై పాస్ పెడితే చాలాసార్లు అక్కడితో తీరిపోతుంది. "దమ్ము లేదు" అంటే లిమిటర్ గెయిన్ రిడక్షన్ (ఎంత నొక్కుతోందన్న అంకె) చూడండి. 6 డీబీ దాటి నొక్కుతుంటే కిక్ మొన విరిగిపోయింది.

"సినిమా పాటలా లేదు", "పాడేవాళ్ళు ఎప్పుడొస్తారు" అన్నవాటిని లోపాల జాబితాలో వేయకండి. మీరు చేసింది వాద్య సంగీతం, అంతే. "ఎక్కడో విన్నట్టుంది" అన్నదాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఏ పాటో కనుక్కుని ట్యూన్ పోల్చి చూడండి. సినిమా పాట ముక్క తెలిసో తెలియకో దూరి ఉంటే యూట్యూబ్ కంటెంట్ ఐడీ (కాపీరైట్ పాటల్ని పట్టే వ్యవస్థ) దగ్గర దొరికిపోతుంది.

కర్ణాటక సంగీతం తెలిసినవాళ్ళు "స్వరం బిర్రుగా ఉంది, గమకం లేదు" అంటారు. కీబోర్డు మీద నొక్కిన స్వరం నిటారుగా నిలబడిపోతుంది. మోహన రాగంలో అది కొంతవరకు చెల్లుతుంది. తోడిలో గాంధారం ఊగకపోతే ఆ రాగమే కాదు. సింథ్‌లో మోనో మోడ్ (ఒకసారికి ఒకే స్వరం) పెట్టి, గ్లైడ్ (స్వరం నుంచి స్వరానికి జారే సమయం) 60 నుంచి 120 మిల్లీసెకన్లు ఇచ్చి, పిచ్ బెండ్ పరిధి రెండు సెమీటోన్లు పెట్టుకుని ఆటోమేషన్‌లో ఊపుని గీయాలి. శ్రమే గానీ వేరే దారి లేదు. "శృతి కలవలేదు" అంటే తంబుర శాంపిల్‌ని అనుమానించండి. సింథ్ షడ్జమం 130.8 హెర్ట్జ్ దగ్గర, తంబుర 132 దగ్గర ఉంటే దాదాపు 16 సెంట్ల (సెంటు అంటే సెమీటోన్‌లో నూరో వంతు) తేడా, సెకనుకి ఒకటికి పైగా అలలు వస్తాయి. శాంపిలర్‌లో ఫైన్ ట్యూన్‌తో సెంట్లలో దించితే సరిపోతుంది.

ఎక్కడ విన్నారన్నది

మే నెలలో మన రెండు ఊళ్ళలోనూ ఫ్యాన్ ఐదులో లేకుండా ఎవరూ ఏమీ వినరు. ఆ గాలి హోరు సన్నటి రివర్బ్ తోకల్ని, మెత్తటి ఇంట్రో ప్యాడ్స్‌ని పూర్తిగా కప్పేస్తుంది. "మొదట్లో ఏమీ రాలేదు" అన్నవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. మీరూ ఒకసారి ఫ్యాన్ ఐదులో పెట్టి, మామూలుగా మాట్లాడుకునేంత సౌండ్‌లో విని చూడండి. ఇంట్రో మాయమైతే దాన్ని 3, 4 డీబీ పెంచండి. మెయిన్ సెక్షన్‌తో తేడా కొంచెం తగ్గినా పర్వాలేదు. విజయవాడ ఏలూరు రోడ్డు మీద నడిచే ఆటోలో ఇంజన్ హోరు కింది ఫ్రీక్వెన్సీలని, హారన్లు పైవాటిని తినేస్తాయి. మిగిలేది సుమారు 500 హెర్ట్జ్ నుంచి 3 కిలోహెర్ట్జ్. అందులో కూడా ట్యూన్ గుర్తుపట్టగలిగితే మిక్స్ మధ్య భాగం గట్టిగా ఉన్నట్టే.

రెండు మిక్స్‌లలో ఒకటి ఎంచుకోవాలంటే

మామిడి, జామ రెండూ పంపి ఏది నచ్చిందని అడిగేటప్పుడు సగం మందికి మామిడి ముందు, సగం మందికి జామ ముందు పంపాలి. వినే వరసని బట్టి ఇష్టం మారుతుంది. ఎనిమిది మందిలో ఐదుగురు జామ అన్నారంటే దానికి విలువ లేదు. ఆరు, రెండుగా చీలినా నమ్మలేం: ఎనిమిదిసార్లు నాణెం ఎగరేస్తే అంతటి తేడా, లేదా అంతకన్నా ఎక్కువ, పది విడతల్లో దాదాపు మూడు విడతలు ఊరికే వస్తుంది. ఏడు, ఒకటి అయితే నమ్మొచ్చు. తేడా అంత స్పష్టంగా లేదంటే శ్రోతలకి రెండూ ఒకటే, మీకు నచ్చింది ఉంచుకుని ముందుకెళ్ళండి. అప్పుడప్పుడు ఒకే ఫైల్‌ని రెండు పేర్లతో పంపి చూడటం కూడా అవసరం. అందులోనూ పెద్ద పెద్ద తేడాలు వర్ణించినవాళ్ళ సూక్ష్మమైన వ్యాఖ్యల్ని ఇకపై కొంచెం జాగ్రత్తగా తీసుకోవచ్చు. వాళ్ళు చెప్పే టైమ్‌లు మాత్రం అప్పటికీ పనికొస్తాయి.

జవాబులన్నీ ఒక నోట్‌బుక్‌లో వాళ్ళ మాటల్లోనే రాయండి: టైమ్, బార్, అన్న మాట, విన్న పరికరం. "బేస్ సమస్య" అని మీ మాటల్లోకి కుదించకండి, అసలు విషయం అక్కడే పోతుంది. ఇద్దరు వేర్వేరు మనుషులు, వేర్వేరు పరికరాల్లో, ఒకే ఎనిమిది బార్ల దగ్గర ఆగితే అది తప్పకుండా సరిచేయాల్సింది. ఒక్కరే అన్నది పక్కన పెట్టి తర్వాతి విడతలో మళ్ళీ వస్తుందేమో చూడండి. ఎవరితోనూ వాదించొద్దు. "అది కావాలనే అలా పెట్టాను" అని ఒక్కసారి అంటే ఆ మనిషి ఇంకెప్పుడూ నిజం చెప్పడు. "సరే బాబాయ్, ఎన్నో నిమిషంలో?" అన్నదొక్కటే మన వంతు మాట.

సరిచేసేటప్పుడు ముందు సెక్షన్ల పొడవు, తర్వాత లెవెల్స్, ఆ తర్వాత ఈక్యూ, చివరికి లిమిటర్. తలకిందులుగా మొదలుపెడితే ఒక సెక్షన్ తీసేయగానే చేసిన ఈక్యూ అంతా మళ్ళీ చేయాల్సి వస్తుంది. ప్రతి మార్పుకీ ప్రాజెక్టుని కొత్త పేరుతో సేవ్ చేయండి. దాచుకున్న కొత్త చెవులకి అప్పుడు పంపండి. ఫిర్యాదులు ఒకే చోట పోగవ్వకుండా చెల్లాచెదురుగా రావడం మొదలైతే మార్పులు ఆపేయొచ్చు.

వినాయక చవితికో దసరాకో బయట బాక్సుల మీద పడాల్సిన ట్రాక్ అయితే ఇంకో పరీక్ష మిగిలి ఉంటుంది. సౌండ్ సిస్టమ్ అద్దెకిచ్చేవాళ్ళని పగటిపూట అడిగితే సెట్ చేసేటప్పుడు ఐదు నిమిషాలు వేయనిస్తారు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లకి నిషేధం ఉంది, గుంటూరు బ్రాడీపేట లాంటి ఇళ్ళ మధ్య లైన్లలో పగలు కూడా పరిమితి 55 డెసిబెల్సే, కాబట్టి ఖాళీ స్థలంలో పెట్టుకోండి. అక్కడ ఎక్కువగా మోనోలోనే వేస్తారు. వేవ్ ఫైల్‌ని అందరికీ తెలిసిన రెండు పాటల మధ్య వేయించి, ఆపరేటర్ అన్నని ఏమీ అడగకుండా మిక్సర్ మీద అతని చేతిని చూడండి. మీ ట్రాక్ రాగానే గెయిన్ పెంచాడంటే పక్క పాటల కన్నా మీది మెత్తగా ఉంది. ట్రెబుల్ తగ్గించాడంటే 3 కిలోహెర్ట్జ్ దగ్గర ఇంకా పొడుస్తోంది, లో నాబ్ తగ్గించాడంటే సబ్ పొర్లుతోంది. ఏ నాబూ ముట్టుకోకుండా తర్వాతి పాట వెతుక్కుంటున్నాడంటే ఆ ఫైల్‌ని అలాగే విడుదలకి పంపొచ్చు.